బ్యాటరీ మిషన్లకు మొత్తం మారిపోవచ్చా?

బెజవాడ_రీమోడల్:
పాత అపార్ట్‌మెంట్లలో కిచెన్లు, బాత్రూంలు కొత్తగా చేసే పని మాది. ఇప్పటిదాకా అన్నీ వైరు మిషన్లే. షాపులో 18 వోల్టుల బ్రష్‌లెస్ (మోటార్‌లో కార్బన్ బ్రష్‌లు ఉండనిది) సెట్ చూపించారు: డ్రిల్, ఇంపాక్ట్ డ్రైవర్ (దెబ్బలు కొడుతూ స్క్రూలు బిగించేది), 4 అంగుళాల గ్రైండర్, చిన్న రోటరీ హ్యామర్ (కాంక్రీటులో కన్నాలు వేసేది), రెండు బ్యాటరీలు. ముచ్చటగానే ఉంది, రేటు వింటేనే గుండె దడ. మాకు వైర్లు, పైపుల కోసం గోడలో గాడి కొట్టడం, శ్లాబులో యాంకర్లు (పట్టు బోల్టులు) వేయడం, మాడ్యులర్ కిచెన్ బాక్సులు బిగించడం అన్నీ ఉంటాయి. ఎవరైనా పూర్తిగా మారారా? ఇంకో డౌటు, వేరే కంపెనీ డబ్బా మీద 20 వోల్టులని ఉంది, దానికి పవర్ ఎక్కువా?

కాకినాడ_వడ్రంగి:
20 అని చూసి మోసపోకన్నా, రెండిట్లోనూ వరసగా అయిదు సెల్లులే. సెల్లుకి 3.6 వోల్టులు చొప్పున చూస్తే 18, ఫుల్ ఛార్జింగ్ మీద 4 చొప్పున చూస్తే 20, అంతే. అసలు చూడాల్సింది ఏ కంపెనీ బ్యాటరీతో ఉండిపోతావన్నది, ఎందుకంటే బాష్ బ్యాటరీ మకీటాకి ఎక్కదు, తర్వాత కొనే ప్రతి మిషనూ అదే కంపెనీది కావాలి. బాక్సుల పనికైతే బ్యాటరీ మిషన్ కళ్లు మూసుకుని కొను. కానీ పార్టికల్ బోర్డుకి హింజెస్ బిగించేటప్పుడు ఇంపాక్ట్ డ్రైవర్ పక్కన పెట్టు, స్క్రూ కూర్చున్నాక కూడా కొడుతూనే ఉంటుంది, బోర్డు పొడి రాలిపోతుంది. దానికి డ్రిల్లు క్లచ్ (స్క్రూ బిగుసుకోగానే తిప్పడం ఆపేది) తక్కువ నంబర్లో పెట్టుకుంటే చాలు.

ఓరుగల్లు_ఎలక్ట్రీషియన్:
గాడి కొట్టడానికి మాత్రం బ్యాటరీ వద్దు తమ్ముడూ. లెక్క చూడు: 18 వోల్టులు, 5 ఆంపియర్ అవర్ అంటే 90 వాట్ అవర్స్. 800 వాట్లు లాగే మిషన్‌కి అది ఏడు నిమిషాలు కూడా రాదు. బ్రష్‌లెస్ కాబట్టి వృథా తక్కువ, నిజమే, అయినా గోడంతా గాడి అంటే రెండు బ్యాటరీలు ఏ మూలకి? నిచ్చెనెక్కి శ్లాబులో నాలుగు యాంకర్లు వేయడానికీ, ఫ్లాట్‌లో కరెంటు తీసేసి పని చేసేటప్పుడూ బ్యాటరీ హ్యామర్ హాయి. చిప్పింగ్‌కి (గోడ, పాత టైల్స్ పగలగొట్టడానికి) వైరుదే.

బెజవాడ_రీమోడల్:
థాంక్స్ అన్నా. మరి గాడి దుమ్ముకి గ్రైండర్ మీద నీళ్లు పోస్తూ కోస్తే సరిపోదా? మా కుర్రాళ్లు అలాగే చేస్తున్నారు.

ఓరుగల్లు_ఎలక్ట్రీషియన్:
వెంటనే ఆపించు! మామూలు వైరు గ్రైండర్ నీళ్ల కోసం చేసింది కాదు, షాక్ కొడుతుంది. రెండు డైమండ్ బ్లేళ్లుండే వాల్ చేజర్‌కి (గాడి కోసే మిషన్‌కి) వాక్యూమ్ పైపు తగిలించుకోవచ్చు, రెండు గీతలూ ఒకేసారి పడతాయి, మధ్యలోది ఉలితో లేపేస్తే సరి. సిమెంటు గోడ దుమ్ములో సిలికా ఉంటుంది, అది ఊపిరితిత్తుల్లోకి పోతే సిలికోసిస్ అనే జబ్బు, దానికి పూర్తిగా నయం చేసే మందు లేదు. మూతికి కర్చీఫ్ కట్టుకుంటే ఆగదు, ఎన్95 మాస్కన్నా ఇవ్వు. బాత్రూంలో వైరు మిషన్ వాడితే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే కట్ చేసే స్విచ్) ఉన్న లైను నుంచే కరెంటు తీసుకో.

సైట్_సూపర్‌వైజర్:
ఒక్కటి కలుపుతా. ఏఏసీ బ్లాకు (తేలికైన గుల్ల సిమెంటు ఇటుక) గోడలకీ టైల్స్‌కీ హ్యామర్ మోడ్ వేయనివ్వకండి, బ్లాకులో కన్నం వదులైపోతుంది, టైల్ పగులుతుంది. ఎండాకాలం బ్యాటరీలు కారులో వదిలేయకండి, వేడి మీదున్నది ఛార్జింగ్‌కి పెడితే చాలా ఛార్జర్లు అది చల్లారేదాకా ఎక్కించవు, పని ఆగిపోతుంది.


బెజవాడ_రీమోడల్:
అయితే ఇప్పటికి డ్రిల్, ఇంపాక్ట్ డ్రైవర్, హ్యామర్ బ్యాటరీవి తీసుకుంటా. గ్రైండర్ బదులు వైరు వాల్ చేజర్ రేటు అడుగుతా.