రెసిడ్యువల్ అంతట మైనస్ 24, ఎక్కడ తప్పుతున్న?

దేవరకొండరాయి:
మూడు దినాల సంది ఇదే లొల్లి. దేవరకొండ చుట్టు 40 కిలోమీటర్ల మేర గ్రావిటీ (భూమి గుంజే బలం) కొలిచిన. లూపులన్నీ (బేస్, అంటే గ్రావిటీ తెలిసిన చోటు, కాడ మొదలై మళ్ళ ఆడికే వచ్చే చుట్లు) మంచిగనే క్లోజ్ అయినయి. ఫ్రీ ఎయిర్ అనామలీ (ఎత్తు లెక్క సరిచేసినంక, కొలిచిన గ్రావిటీకి, లెక్క ప్రకారం ఉండాల్సినదానికి తేడా) కట్టి, అందులకెళ్ళి ఈజీఎం2008 (ప్రపంచమంతటి గ్రావిటీ మోడల్) విలువ తీసేస్తే మిగిలేది, అంటే రెసిడ్యువల్, సున్నా చుట్టుపక్కల ఉండాలె కదా? అంతట మైనస్ 24 మిల్లీగాల్ (గ్రావిటీ కొలిచే యూనిట్)! స్టోక్స్ సూత్రంల (గ్రావిటీకెళ్ళి జియాయిడ్ కట్టేది) వేస్తే జియాయిడ్ (సుమారు సముద్రమట్టం లెక్క, నేల కిందకెళ్ళి గూడ పోయే ఊహ మట్టం) నడుమ గిన్నె లెక్క అర మీటరు దిగబడ్డది. గ్రావిటీ మీటర్ ఖరాబైందేమో అని మళ్ళ బేస్ దాక పోయి వచ్చిన, అదే రీడింగ్. ఎవరన్న చెప్పున్రి.

ఎవరెస్టుతాత:
తమ్మీ, అక్షాంశాలు పాత టోపోషీటు (సర్వే మ్యాప్) నుంచి తీసినవా? అవి 1830 నాటి ఎవరెస్టు ఎలిప్సాయిడ్ (భూమి ఆకారానికి లెక్కల కోసం పెట్టుకున్న నున్నటి గుండు) మీదియి, నీ జీపీఎస్ డబ్ల్యూజీఎస్84 అనే వేరేదాని మీద నడుస్తది. ఈ రెండు కలిపి కొట్టినోళ్ళను మస్తు మందిని చూసిన. ముందు డేటం (కొలతలకు పట్టుకునే ఆధారం) అంటే ఏందో తెలుసుకోవాలె, సాఫ్ట్‌వేర్ తర్వాత.

లెవెల్‌మేస్త్రి:
ఏ ఎత్తు వాడినవ్?

పాలమూరుకొలత:
తాతా, మన దగ్గర కిలోమీటరు ఉత్తరానికి జరిగినా గ్రావిటీ తేడా 0.45 మిల్లీగాలే. డేటం తప్పుకు 24 యాడికెళ్ళి వస్తది? బేస్ విలువ పాట్స్‌డామ్ అనే పాత గ్రావిటీ ప్రమాణంలదైతే ప్లస్ 14 రావాలె, మైనస్ కాదు.

దేవరకొండరాయి:
@లెవెల్‌మేస్త్రి జీపీఎస్ ఎత్తే అన్నా. డ్యుయల్ ఫ్రీక్వెన్సీ, తప్పు రెండు సెంటీమీటర్ల లోపలనే.

లెవెల్‌మేస్త్రి:
ఇది ముందే చెప్పాలె.

పాలమూరుకొలత:
దొరికింది! అది ఎలిప్సాయిడ్ మీది ఎత్తు, ఫ్రీ ఎయిర్‌కు కావాల్సింది జియాయిడ్ మీది ఎత్తు. సాగర్ ఫుల్ లెవెల్ 590 అడుగులు, అంటే 180 మీటర్లు. ఆ నీళ్ళ అంచున జీపీఎస్ పెట్టు, 100 అటూఇటూ చూపిస్తది. మన కాడ జియాయిడ్ ఎలిప్సాయిడ్ కన్న సుమారు 78 మీటర్లు కిందున్నది. 78ని 0.3086తో (మీటరు ఎత్తుకు మారే మిల్లీగాల్) గుణించు.

దేవరకొండరాయి:
24.07. నెత్తి కొట్టుకుంటున్న. అయితే ఈజీఎం జియాయిడ్‌తోని ఎత్తు సరిచేయాల్నా? జియాయిడ్ కట్టుడు కోసమే జియాయిడ్ అడిగితే ఎట్ల?

పాలమూరుకొలత:
అండ్ల 10 సెంటీమీటర్ల తప్పున్నా గ్రావిటీల 0.03 మిల్లీగాలే. ఫికర్ చెయ్యకు.

క్వాసీగారు:
క్షమించాలి, ఇక్కడ అందరూ మాట తప్పు వాడుతున్నారు. జీపీఎస్ ఎత్తుతో కట్టింది అనామలీ కాదు, గ్రావిటీ డిస్టర్బెన్స్. అదేమీ చెడ్డ డేటా కాదు. ఈజీఎం నుంచి కూడా డిస్టర్బెన్సే తీసి, స్టోక్స్ బదులు హోటీన్ కెర్నల్ (డిస్టర్బెన్స్‌కు సరిపోయే సూత్రం) వాడితే ఎత్తు మార్చే పనే లేదు. ఇంకొకటి, చివరకు వచ్చేది జియాయిడా, క్వాసీ జియాయిడా (దానికి దగ్గరగా ఉండే మరో మట్టం)?

ఎవరెస్టుతాత:
సముద్రమట్టం అంటే సరిపోతది కదా, ఇన్ని పేర్లెందుకు?

క్వాసీగారు:
సగటు సముద్రమట్టం, జియాయిడ్ ఒకటి కావండి.

లెవెల్‌మేస్త్రి:
గుట్టల్లేని కాడ క్వాసీకి, దీనికి తేడా సెంటీమీటర్లే. పోరగాన్ని ఆగం చెయ్యకున్రి.

ఎవరెస్టుతాత:
సెంటీమీటర్లని ఇడిచిపెడితే కాలువ నీళ్ళు ఎనక్కి పారుతయి.

దేవరకొండరాయి:
ఎత్తు మార్చి మళ్ళ నడిపిన. మైనస్ 24 పోయింది, గిన్నె గూడ పోయింది. బెంచ్‌మార్క్ (ఎత్తు ముందే తెలిసిన సర్వే గుర్తు) కాడ ఇంక 8 సెంటీమీటర్లు కలుస్తలేదు. బువ్వ తిని చూస్త. థాంక్స్ అన్నా.

క్వాసీగారు:
ఆ బెంచ్‌మార్క్ పాత 1909 డేటం మీదిదా, 2009 దా?

ఎవరెస్టుతాత:
అగో, డేటం అని నేను మొదలే చెప్పిన.