నడిచి రాగానే బీపీ 158 చూపిస్తోంది, వాకింగ్ మానాలా?

ప్రశ్న:
నాన్నకి 58 ఏళ్లు. బీపీకి టెల్మిసార్టాన్ 40 వాడుతున్నారు. పొద్దున్నే 40 నిమిషాలు వేగంగా నడుస్తారు. ఇంటికి రాగానే మెషిన్ పెడితే 158/76, పల్స్ 112. సాయంత్రం తీరిగ్గా ఉన్నప్పుడు చూస్తే 132/80. నడక వల్లే బీపీ పెరుగుతోందని అమ్మ మానెయ్యమంటోంది. ఏం చెయ్యాలి?

ఫిజియోథెరపిస్టు:
మానొద్దండి. ఊరికే కూర్చున్నప్పుడు గుండె నిమిషానికి సుమారు 5 లీటర్ల రక్తం తోస్తుంది. వేగంగా నడిచేటప్పుడు అది రెట్టింపు దాటుతుంది. తోపు పెరిగితే పై అంకె పెరగక తప్పదు. అదే సమయంలో తొడల్లో, పిక్కల్లో రక్తనాళాలు విచ్చుకుంటాయి కాబట్టి కింది అంకె కదలదు, కొందరికి కాస్త దిగుతుంది కూడా. మీరు రాసినవాటిలో నాకు ధైర్యమిచ్చే అంకె ఆ 76. అది నడకతో 10కి మించి ఎక్కుతుంటే డాక్టరుకి చూపించమనేవాణ్ణి.

ట్రెడ్‌మిల్ మీద నడిపించి గుండెని చూసే టీఎంటీ పరీక్షలో పై అంకె 180, 200 దాకా వెళ్లడం మామూలే. 250 దాటితే పరీక్ష ఆపేస్తారు. అక్కడ ఎక్కువ భయపెట్టేది వేరే ఉంది: వేగం పెంచుతున్నకొద్దీ పై అంకె పడిపోవడం. శ్రమకి తగ్గట్టు గుండె తోయలేకపోతోందని అనుమానించాల్సిన గుర్తు అది.

ఇంకో మాట. నడక ఆగాక కొన్ని గంటలపాటు బీపీ మామూలు కన్నా కాస్త తక్కువగానే ఉంటుంది. అమ్మగారికి చూపించాల్సింది ఆ రీడింగే.

స్టాఫ్ నర్సు:
అసలు ఆ టైములో మెషిన్ పెట్టడమే తప్పు. వ్యాయామం, కాఫీ, సిగరెట్ ఏదైనా సరే, అరగంట దాటాకే చూడాలి. మూత్రం ఆపుకుని కూర్చోకూడదు. వీపుకి ఆనుడు ఉండాలి, పాదాలు నేలకి ఆనాలి, కాలు మీద కాలు వద్దు. 5 నిమిషాలు మాటల్లేకుండా కూర్చుని, నిమిషం తేడాతో రెండుసార్లు చూసి సగటు రాసుకోండి.

చాలా ఇళ్లలో జరిగే పొరపాటు: ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని చెయ్యి ఒళ్లో పెట్టుకోవడం. చేతికి చుట్టే మెషిన్ పట్టీ గుండె కన్నా 10 సెంటీమీటర్లు కిందుంటే 7, 8 పాయింట్లు ఉత్తుత్తినే పెరుగుతాయి. డైనింగ్ టేబుల్ మీద, అవసరమైతే దిండు వేసి, చెయ్యి ఆనించండి. టైలర్ టేపుతో మోచేతికి పైనుండే దండ చుట్టుకొలత కూడా చూడండి. చాలా మెషిన్లతో వచ్చే పట్టీ 22 నుంచి 32 సెంటీమీటర్ల దాకా సరిపోతుంది. దండ అంతకన్నా లావైతే పెద్ద పట్టీ కొనాలి, లేకపోతే ఎప్పుడూ ఎక్కువే చూపిస్తుంది. ఇలా వారం రోజులు పొద్దున, సాయంత్రం రాయండి. సగటు 135/85 లోపు ఉంటే అదుపులో ఉన్నట్టే లెక్క.

ప్రశ్న అడిగినవారు:
మాత్రల అట్ట మళ్లీ చూశాను. టెల్మిసార్టాన్ ఒక్కటే కాదు, దాని పక్కనే మెటోప్రొలాల్ 25 అని కూడా ఉంది. పల్స్ 112 ఎక్కువా?

ఫార్మసిస్టు:
ఈ సంగతి ముందే తెలియాల్సింది. మెటోప్రొలాల్ గుండె వేగానికి కళ్లెం వేస్తుంది. వ్యాయామంలో పల్స్ ఎంత ఉండాలో చూడ్డానికి 220లోంచి వయసు తీసేస్తే 162 వచ్చింది, అందులో 70 శాతం అనే లెక్క ఆయనకి పనికిరాదు. మాత్ర లేనివాళ్లకే ఆ సూత్రం 10, 12 అటూఇటూ తప్పుతుంది. మాత్ర వేసుకుని కూడా 112 వచ్చిందంటే ఆయన బాగానే కష్టపడుతున్నారని. అది చెడ్డదేం కాదు. మాటనే కొలతగా పెట్టుకోండి: నడుస్తూ పూర్తి వాక్యం మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. రెండు ముక్కలకే ఆయాసం వస్తే వేగం తగ్గించాలి.

పల్స్ తగ్గుతోంది కదా అని ఆ మాత్రని సొంతంగా ఆపొద్దు. ఉన్నట్టుండి మానేస్తే గుండె వేగం, బీపీ రెండూ ఎగదన్నుతాయి. ఈ జోడీ మాత్రల్లో మెటోప్రొలాల్ సాధారణంగా నెమ్మదిగా విడుదలయ్యే రకం, నమలకూడదు, నలపకూడదు.

మరొకరి ప్రశ్న:
బీపీ ఉన్నవాళ్లు డంబెల్స్ ఎత్తొచ్చా?

ఫిజియోథెరపిస్టు:
ఎత్తొచ్చు, ముక్కకూడదు. 25 కిలోల బియ్యం బస్తాని ఊపిరి బిగబట్టి లేపినప్పుడు, బిగుసుకున్న కండరాలు రక్తనాళాల్ని నొక్కేస్తాయి, ఛాతీలో ఒత్తిడి పెరుగుతుంది. నడకలోలా కాకుండా పై అంకె, కింది అంకె రెండూ ఎగబాకుతాయి. అందుకని 10 నుంచి 15 సార్లు తేలిగ్గా ఎత్తగలిగే బరువు తీసుకోండి. ఎత్తేటప్పుడు ఊపిరి వదలాలి, దించేటప్పుడు పీల్చాలి. పిడికిలి అవసరానికి మించి బిగించొద్దు. కూర్చున్నప్పుడే 180/110 దాటి ఉంటే ఆ రోజు బరువులూ వద్దు, నడకా వద్దు, డాక్టరు దగ్గరికే.

ప్రశ్న అడిగినవారు:
ఒక్కోసారి నడక ఆపి నిలబడగానే కళ్లు తిరుగుతున్నాయంటారు.

ఫిజియోథెరపిస్టు:
ఠక్కున ఆగిపోవడం వల్ల అయ్యుండొచ్చు. నడుస్తున్నంతసేపూ పిక్కలు రక్తాన్ని పైకి పిండుతుంటాయి. ఆగగానే ఆ పంపు ఆగుతుంది, విచ్చుకున్న నాళాలు వెంటనే ముడుచుకోవు, రక్తం కాళ్లలోనే నిలుస్తుంది. పైగా బీపీ మాత్రలు. చివరి 5 నుంచి 10 నిమిషాలు వేగం తగ్గిస్తూ నడవమనండి, ఎండాకాలంలో నీళ్లు తాగి బయల్దేరమనండి. అయినా తగ్గకపోతే కూర్చున్నప్పుడు ఒకసారి, లేచి నిలబడ్డ 1 నిమిషానికి, 3 నిమిషాలకి బీపీ చూసి రాయండి. పై అంకె 20 పడితే ఆ కాగితం డాక్టరుకి చూపించండి, మోతాదు మారుస్తారేమో. నడుస్తుండగానే కళ్లు తిరిగినా, ఛాతీ బరువెక్కినా, నొప్పి దవడకో చేతికో పాకినా, అక్కడే కూర్చోబెట్టి 108కి ఫోన్ చెయ్యండి.