మామూలు కాన్పులు మిడ్‌వైఫ్ నర్సుల చేతిలో పెట్టొచ్చా?

ఉదయగిరి_కొండ: మామూలు కాన్పులన్నీ మిడ్‌వైఫ్ నర్సులే చేయాలంటున్నారు. మా ఊరి నుంచి నెల్లూరుకు దగ్గర దగ్గర వంద కిలోమీటర్లు. రక్తం ఆగకపోతే ఎవరు దిక్కు? మళ్లీ మంత్రసానుల కాలానికి పోవాలా?

నర్సమ్మ_ఆత్మకూరు: మంత్రసాని వేరు, మిడ్‌వైఫ్ వేరు అన్నా. 2018 కేంద్ర మార్గదర్శకాల ప్రకారం నర్సింగ్ చదివాక మరో 18 నెలల శిక్షణ. బిడ్డ బయటపడిన నిమిషంలోపు తల్లికి గర్భసంచిని బిగించే ఆక్సిటోసిన్ ఇంజెక్షన్ 10 యూనిట్లు వేస్తాం, అధిక రక్తస్రావం ముప్పు తగ్గేది అలానే. బిడ్డ ఏడవకపోతే ఒళ్లు తుడిచి, వీపు రుద్ది, అప్పటికీ ఊపిరి తీయకపోతే మొదటి నిమిషంలోనే బ్యాగూ మాస్కుతో గాలి అందిస్తాం. ఏడిస్తే నేరుగా తల్లి రొమ్ము మీదికే, గంటలోపు ముర్రుపాలు. స్నానం 24 గంటల తర్వాతే.

పొగాకు_రైతు: స్నానం చేయించరా? మా పిల్లలకు పుట్టగానే పోశారే!

నర్సమ్మ_ఆత్మకూరు: పుట్టిన బిడ్డ ఒళ్లు ఇట్టే చల్లబడుతుంది పెద్దాయనా.

పొగాకు_రైతు: పురిటి మైలతోనే ఒళ్లో పెట్టుకోవాలా?

ఉదయగిరి_కొండ: స్నానం గొడవ ఆపండి. ఇంజెక్షన్ వేసినా మా చెల్లెలికి రక్తం ఆగలేదు. అంబులెన్సులోనే రెండు చీరలు తడిసిపోయాయి. చివరికి గర్భసంచి తీసేసి బతికించారు. ఇలా లెక్కలు చెబితే నమ్మేస్తానా?

నర్సమ్మ_ఆత్మకూరు: నర్సంటే చులకన మీకు! బీపీ 140/90 దాటినా, నొప్పులు ముందుకు సాగకపోయినా మేం ముందే పెద్దాసుపత్రికి పంపుతాం.

కనిగిరి_కోడలు: నా మొదటి కాన్పు డాక్టర్లున్న చోటే. రాత్రంతా పక్కన ఒక్కరూ లేరు, అరిస్తే కసిరారు. రెండోసారి నర్సమ్మ తెల్లారేదాకా నా చెయ్యి వదల్లేదు. అది ఏ లెక్కలో ఉంటుంది అన్నా?

ఉదయగిరి_కొండ: అక్కా, నాకు నర్సుల మీద కోపం లేదు. ఆ రాత్రి చెల్లెలి దగ్గరున్నదీ ఒక్క నర్సే, ఆమె మీదే మూడు వార్డులు. డాక్టర్ లేడు. తెల్లారి తప్పంతా ఆ నర్సు మీదే వేశారు. మిడ్‌వైఫ్ ఉంది కదా అని రేపు డాక్టర్ పోస్టు నింపరు, రక్తం నిల్వ పెట్టరు. నా భయం అదే.

నర్సమ్మ_ఆత్మకూరు: అన్నా, నేను రోజూ భయపడేదీ అదే. ఇందాక కోపంగా రాశాను, ఏమనుకోవద్దు. వెనక డాక్టర్, రక్తం, బండి లేకుండా మిడ్‌వైఫ్‌ని ఒంటరిగా నిలబెడితే నేనూ ఒప్పుకోను. ఇప్పుడు నైట్ డ్యూటీకి పోతున్నా.

పొగాకు_రైతు: పోయేముందు ఒక్కమాట చెప్పమ్మా. కోడలికి నెలలు నిండాయి. తడిగుడ్డతోనైనా తుడవొచ్చా?

నర్సమ్మ_ఆత్మకూరు: పొడి గుడ్డ చాలు పెద్దాయనా. తల మీద టోపీ పెట్టి, అమ్మ ఒంటికి ఆనించి ఉంచండి.