సులువైన దారి దొరికాక ఆట మజా పోతే తప్పెవరిది?

ప్రశ్న:
స్కైరిమ్ వీడియో గేమ్‌ని ప్రతిసారీ మంత్రగాడిగా మొదలుపెడతాను. కొన్ని గంటలు గడిచేసరికి నీడలో నక్కి బాణాలు వేస్తుంటాను. ఎల్డెన్ రింగ్‌లోనూ అంతే, నా తరఫున పోరాడే నా నకలు మిమిక్ టియర్‌ని పిలవకుండా బాస్ (పెద్ద శత్రువు) మీదికి వెళ్లను. గెలుస్తున్నా గెలిచిన తృప్తి లేదు. లోపం ఆడేవాళ్లదా, ఆటదా?

జవాబు 1:
ఆట ఇచ్చినదాన్నే వాడుతున్నప్పుడు లోపం ఎక్కడుంది? పని ముగించుకుని రాత్రి గంటసేపు ఆడేవాళ్లని ఆ గంటంతా ఒకే బాస్ చేతిలో చావమనడం అన్యాయం. మరీ అతి అయితే తయారుచేసినవాళ్లే చూసుకుంటారు. మిమిక్ టియర్ దెబ్బ బలాన్ని 2022 మార్చి ప్యాచ్‌లో (ఆట సవరణలో) తగ్గించారు కదా.

జవాబు 2:
ప్యాచ్‌తో తీరేది కాదండి ఇది. స్కైరిమ్ లెక్కే చూడండి. నక్కి విల్లుతో కొడితే, పర్క్ (నైపుణ్యానికి అదనపు బలం) తీసుకున్నాక దెబ్బ 3 రెట్లు. అదే బాకుతో అయితే పర్క్‌లన్నీ ఉంటే 15 రెట్లు! అయినా జనం విల్లునే పట్టుకుంటారు. బాకు దూయాలంటే శత్రువు వీపు దాకా వెళ్లాలి, దొరికిపోతే ప్రాణం మీదికొస్తుంది. బాణం గురి తప్పినా కాసేపు కదలకుండా ఉంటే చాలు, వెతికి వెతికి వాళ్లే వెనక్కి పోతారు. మనల్ని లాగేది బలం కాదు, టెన్షన్ లేకపోవడం.

పైగా అక్కడ ఏది వాడితే ఆ నైపుణ్యమే పెరుగుతుంది, శత్రువులు మాత్రం మన మొత్తం లెవెల్‌ని బట్టి బలపడతారు. సగం ఆటయ్యాక మంత్రాలు మొదలుపెట్టినవాళ్లు చితికిపోయి మళ్లీ విల్లు దగ్గరికే చేరతారు. ఆటే అటు నెడుతోంది.

2015లో వచ్చిన మెటల్ గేర్ సాలిడ్ 5 ఈ విషయంలో నాకు చాలా ఇష్టం. తలకే గురిపెడుతూ పోతే సైనికులు హెల్మెట్లు పెట్టుకొస్తారు. రాత్రిపూటే దాడి చేస్తుంటే చీకట్లో చూసే పరికరాలు తెచ్చుకుంటారు. మన ఎత్తుని నిషేధించకుండా దానికి పైఎత్తు వేస్తుంది.

జవాబు 1:
నాకైతే అది బలవంతమే. డూమ్ ఎటర్నల్ ఆట తూటాలు చాలనివ్వకుండా తుపాకీ మార్పిస్తుంది. నచ్చిన తుపాకీతో ఆడుకునే హక్కు నాకు లేదా?

జవాబు 2:
హక్కు ఉంది, మెటల్ గేర్‌లో దానికి దారి కూడా ఉంది. మన మనుషుల్ని పంపి హెల్మెట్ల సరఫరాని దెబ్బతీయించవచ్చు. తలకే కొట్టాలనుకుంటే కొట్టండి, కాస్త ఖర్చు పెట్టాలి, అంతే.

జవాబు 3:
ఒంటరిగా ఆడేటప్పుడు ఎవరి ఇష్టం వారిది. ఎదుట మరో మనిషి ఉన్న ఆన్‌లైన్ పోటీలో మాత్రం ఒకే బిల్డ్ (ఆయుధాలు, నైపుణ్యాల కూర్పు) రాజ్యమేలితే అవతలివాళ్లు ఆట మానేస్తారు. అక్కడ నెర్ఫ్ చేయాల్సిందే, అంటే దాని బలం తగ్గించాల్సిందే.

ప్రశ్న వేసినవారు:
లెవెల్ సంగతి చదివాక ఒకటి తట్టింది. 2013 నాటి స్కైరిమ్ 1.9 ప్యాచ్ నుంచి 100కి చేరిన నైపుణ్యాన్ని 15కి దించి పర్క్ పాయింట్లు వెనక్కి తీసుకోవచ్చు. నా విల్లు నైపుణ్యం 100లో ఉంది, దించేస్తాను. కంజ్యూరేషన్ (తోడు జీవుల్ని పిలిచే మంత్రాలు) వైపు వెళ్లను, అక్కడా పోరాటం పిలిచినవాళ్లే చేసిపెడతారు. నేరుగా దెబ్బతీసే డిస్ట్రక్షన్ మంత్రాలకి మొదట్లో మ్యాజికా (మంత్రశక్తి) చాలుతుందా? ఆడినవాళ్లు చెప్పండి.