కెమిస్ట్రీ ప్రాక్టికల్స్ తగ్గిస్తే పరిశ్రమకు వచ్చే నష్టం ఏమిటి?

ప్రశ్న – డిగ్రీ కళాశాల అధ్యాపకురాలు

బీఎస్సీ కెమిస్ట్రీ ప్రాక్టికల్స్ సగానికి కుదించాలని మా యాజమాన్యం ఆలోచన. రసాయనాల ఖర్చు భరించలేమంటున్నారు. పరిశ్రమలు పెట్టుబడితో, ప్రభుత్వ విధానాలతో పెరుగుతాయి గానీ టైట్రేషన్లతో (ద్రావణాన్ని చుక్కచుక్కగా కలిపి గాఢత తేల్చే ప్రయోగాలతో) పెరుగుతాయా అని ఒకరు అడిగారు. ఏం చెప్పమంటారు?

జవాబు – బల్క్ డ్రగ్ (మందుల్లో పనిచేసే అసలు పదార్థం) ప్లాంటు, ప్రొడక్షన్ విభాగం

మేడమ్, హైదరాబాద్‌నే చూపించండి. 1970 పేటెంట్ చట్టం మందుల విషయంలో తయారీ పద్ధతికే పేటెంటు మిగిల్చింది. 2005 దాకా అదే మందును వేరే పద్ధతిలో చేసుకునే వీలుండేదన్నమాట. కానీ ఆ పద్ధతిని కనిపెట్టాల్సింది కెమిస్టులే కదా! సోవియట్ సాయంతో బాలానగర్‌లో వెలిసిన ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్, తార్నాకలోని నేటి రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ అలాంటివాళ్లను తయారుచేశాయి. కల్లం అంజిరెడ్డి గారు పుణెలో పీహెచ్‌డీ చేసి, ఐడీపీఎల్‌లో పనిచేసి, 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించారు. ఎయిడ్స్ మందు ఏజెడ్‌టీ తయారీ పద్ధతిని ఏ.వి. రామారావు గారి నాయకత్వంలో ఐఐసీటీ రూపొందించి మందుల కంపెనీ సిప్లాకు ఇచ్చింది.

ఇక ప్రాక్టికల్స్ మాట. నైట్రేషన్ తీసుకోండి, అంటే నైట్రిక్ ఆమ్లంతో జరిపే, బాగా వేడి పుట్టించే చర్య. చిన్న ఫ్లాస్కులోనైతే చుట్టూ ఉన్న ఐసు వేడిని లాగేస్తుంది. వేల లీటర్ల రియాక్టర్‌లో సరుకు పెరిగినంతగా దాన్ని చల్లబరిచే జాకెట్ (చుట్టూ ఉండే తొడుగు) వైశాల్యం పెరగదు, వేడి లోపలే నిలుస్తుంది. ఆమ్లం పడుతుండగా స్టిర్రర్ ఆగిందనుకోండి, ముందు ఫీడ్ వాల్వు కట్టేయాలి. కంగారుపడి స్టిర్రర్‌ను వెంటనే తిప్పితే, విడిగా పేరుకున్న ఆమ్లమంతా ఒక్కసారిగా కలిసి ఉష్ణోగ్రత చేయి దాటిపోతుంది. ఎస్‌ఓపీలో, అంటే పని ఎలా చేయాలో చెప్పే రాతపూర్వక సూచనల్లో, ఇదంతా రాసే ఉంటుంది. అయినా చుక్కచుక్కగా ఆమ్లం వేస్తూ థర్మామీటర్ మీద కన్నేసి ఉంచిన అనుభవం కళాశాలలోనే వచ్చినవాళ్లకు నేను ధైర్యంగా నైట్ షిఫ్టు అప్పగిస్తాను. మార్కుల మెమోలో ప్రాక్టికల్స్‌కు నూటికి నూరు ఉండి, పిపెట్ పట్టుకోవడం రాని పిల్లలు మా దగ్గరికి వస్తున్నారు. తప్పు వాళ్లది కాదు. వాళ్ల చేతికి ఎవరూ పిపెట్ ఇవ్వలేదు.

జవాబు – విశ్రాంత అనలిటికల్ కెమిస్టు

పై మిత్రుడితో ఏకీభవిస్తూనే ఒకటి చేరుస్తాను. 2007లో వెలువడిన ఒక పరిశోధనలో, హైదరాబాద్ దగ్గర, మందుల ఫ్యాక్టరీల వ్యర్థజలాలను శుద్ధిచేసే పటాన్‌చెరు కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా తేలింది. కొలిచింది స్వీడన్ శాస్త్రవేత్తలు. ఆ కొలత మన ఊళ్లోనే, మన పిల్లల చేతుల మీదుగా ముందే జరగాల్సింది. మందు చేయడం నేర్పితే చాలదు, వ్యర్థాలను కొలవడమూ నేర్పాలి. ఏ వాగు నీళ్లో తెచ్చి సీఓడీ (నీటిలోని కాలుష్యాన్ని తెలిపే ఒక కొలత) కట్టించండి, పిల్లలకు ఆసక్తి దానంతటదే పుడుతుంది.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలండీ. ఖర్చు మాటకు మాత్రం జవాబు కావాలి.

జవాబు – ప్రొడక్షన్ విభాగం

50 మిల్లీలీటర్ల బ్యూరెట్ల బదులు 10వి పెట్టండి, సాల్ట్ అనాలిసిస్ (లవణంలో ఏముందో కనుక్కునే ప్రయోగం) కొద్ది రసాయనంతోనే సాగే సెమీ మైక్రో పద్ధతిలో చేయించండి. రసాయనాల వాడకం బాగా తగ్గుతుంది, సింకులో పోసేదీ తగ్గుతుంది. ప్రయోగాల సంఖ్య మాత్రం తగ్గనివ్వకండి మేడమ్.