నసాళానికంటేది మిరపకాయా, ఆవాలా?

"ఘాటు నసాళానికంటింది" అని మనం మిరపకాయకీ అంటాం, ఆవపిండికీ అంటాం. నసాళం అంటే నడినెత్తి కదా, ఆ లెక్కన ఈ మాట ఆవాలకే సరిగ్గా అతుకుతుందని నా వాదన. మిరపలో మండించే క్యాప్సైసిన్ ఆవిరై లేచే రకం కాదు, నాలుకనీ గొంతునీ పట్టుకుని వదలదు. ఆవాల నుంచి వచ్చే అల్లైల్ ఐసోథయోసయనేట్ ఇట్టే ఆవిరై, నోటి వెనక నుంచి ముక్కులోకెక్కి, కళ్లలో నీళ్లు తెప్పించి ఎంత జోరుగా ఎక్కిందో అంత జోరుగా దిగిపోతుంది. మీరేమంటారు?

– ఒప్పుకుంటానండీ, కానీ అన్ని ఆవాలకీ కాదు. నల్ల ఆవగింజని కొరక్కుండా నాలుక మీద పెట్టుకోండి, ఏమీ ఉండదు. సినిగ్రిన్ అనే పదార్థం ఒకచోట, మైరోసినేజ్ అనే ఎంజైమ్ ఇంకోచోట విడిగా ఉంటాయి, కొరికితే తడిలో రెండూ కలిసి అప్పుడు పుడుతుంది ఘాటు, పురుగులు తినకుండా మొక్క పెట్టుకున్న ఏర్పాటిది. బాగా వేడి చేస్తే ఎంజైమ్ చచ్చి ఊరుకుంటుంది. తెల్ల ఆవాల్లో ఉండేది సినాల్బిన్, దాన్నుంచి వచ్చేది పెద్దగా ఆవిరవదు కాబట్టి నోట్లో చురుక్కుమంటుంది గానీ నసాళం దాకా పోదు.

– మరి మిరపకాయలు మాడినప్పుడు ముక్కు అదిరిపోతుందే?

– అది పొగతో పాటు లేస్తుంది సార్, దానంతటది కాదు. ఇంకోటి, మిరపకి "మంట" అనడం కూడా భలే కరెక్టు, క్యాప్సైసిన్ తట్టేది నరాల్లో వేడిని పసిగట్టే టీఆర్‌పీవీ1 అనే గ్రాహకాన్నే. ఆవాలు ముఖ్యంగా టీఆర్‌పీఏ1 అనే ఇంకో గ్రాహకాన్ని తడతాయి, అది వేరే.

– ఇవన్నీ సరే, ఆవాలు క్యాన్సర్ తగ్గిస్తాయని ఫార్వర్డ్ వచ్చింది, నిజమేనా?

– "తగ్గిస్తాయి" అన్న క్రియతోనే పేచీ అండీ! అదే కుటుంబంలోని బ్రకోలీ నుంచి సల్ఫొరాఫేన్ అనే పదార్థాన్ని 1992లో జాన్స్ హాప్కిన్స్‌లో పాల్ టలాలే బృందం వేరు చేసింది, విషాల్ని విరిచే ఎంజైముల్ని కణాల్లో పెంచుతుందని చూపించారు. కణాల మీద, జంతువుల మీద ఫలితాలు చాలానే ఉన్నాయి, మనుషుల్లో క్యాన్సర్ నయమైనట్టు తేలలేదు, కాబట్టి "పరిశోధిస్తున్నారు" అని రాస్తే చాలు. నొప్పులకి ఆవపిండి పట్టు వేసేవాళ్లు కూడా కాస్త చూసుకోండి, ఎక్కువసేపు ఉంచితే చర్మం బొబ్బలెక్కుతుంది.