‘తిత్తుల అక్రమ రవాణా’ అట! వెసికిల్‌ని తెలుగులో ఏమందాం?

తెలిసినవాళ్ల పాపకి జన్యు పరీక్ష చేయించారు. ఏఆర్ఎఫ్‌జీఈఎఫ్2 అనే జన్యువు రెండు ప్రతుల్లోనూ లోపం ఉందని వచ్చింది. వాళ్ల నాయనమ్మగారికి అర్థమయ్యేలా నాలుగు ముక్కలు రాసిమ్మన్నారు. ఫోన్‌లో అనువాదం చేసి చూస్తే ‘వెసికిల్ ట్రాఫికింగ్’ కాస్తా ‘తిత్తుల అక్రమ రవాణా’ అయి కూర్చుంది. పెద్దావిడ అది చదివితే ఇంకేమైనా ఉందా! ట్రాఫికింగ్‌కి ఉత్త ‘రవాణా’ చాలు. కణం లోపల సరుకు మోసే చిన్న పొర సంచి, ఈ వెసికిల్‌కే మాట కుదరడం లేదు.

— బుడగ అనేయండి, పోతుంది.

— బుడగలో గాలి తప్ప ఏముంటుందండీ? పైగా పేలిపోతుంది. ఇక్కడ జరిగేది వేరు. కణంలో ప్రొటీన్లను సర్ది పంపే గాల్జీ అనే భాగం దగ్గర పొర ఒకచోట ఉబ్బి, ప్రొటీన్లను లోపల పెట్టుకుని, తెగి విడిపోతుంది. చేరాల్సిన పొరని తాకి అందులో కలిసిపోతుంది. ఈ రవాణా గుట్టు విప్పినందుకే 2013లో రాత్‌మన్, షెక్‌మన్, సూడాఫ్‌లకి వైద్యంలో నోబెల్ వచ్చింది. నా ఓటు తిత్తికే. ఊపిరితిత్తి, కొలిమితిత్తి, తోలుతిత్తి... అన్నీ మనింటి మాటలే.

— తిత్తి మంచి మాటే, కాదనను. కానీ ఖాళీ అయినా తిత్తి తిత్తిగానే ఉంటుంది, మళ్లీ నింపుకుంటాం. ఇది అలా మిగలదు. ‘పొట్లం’ చూడండి. కొట్టాయన కాగితం మీద పప్పు పోసి, అంచులు మడిచి, పురికొస రెండు చుట్లు తిప్పి తెంపుతాడు. ఇంటికొచ్చి విప్పామా, పొట్లం లేదు, కాగితమే మిగులుతుంది. వెసికిల్ పనీ అంతే. కట్టడం, విప్పడం కూడా మాటతోపాటే వస్తాయి.

— పొట్లమే ఖాయం చేశానండీ. పాఠ్యపుస్తకానికి పనికిరాదంటారేమో, నాయనమ్మకి పనికొస్తే చాలు. ఇలా రాశాను:

“కణంలో సరుకు పొట్లాలు కట్టి పంపడానికి బిగ్2 అనే ప్రొటీన్ కావాలి. దాన్ని తయారుచేయించే జన్యువు దెబ్బతింది. బిడ్డ కడుపులో ఉండగా నాడీకణాలు మెదడు లోపలి నీటిగదుల పక్కన పుట్టి, పైపొర దాకా నడిచి వెళ్లాలి. పాపకి కొన్ని అక్కడే ఆగిపోయాయి. తల చిన్నగా ఉండడానికీ, ఫిట్స్ రావడానికీ ఈ లోపమే కారణం.”

నీటిగదులకి ‘జఠరికలు’ అని రాయబోయి ఆగాను. జఠరం అంటే పొట్ట కదా, మళ్లీ అదో గందరగోళం.

చదివించుకుని ఆవిడ ఒక్కటే అడిగారట, “ఇది ఎవరి వైపు నుంచి వచ్చింది?” అని. కింద ఇంకో వాక్యం కలిపాను: “దెబ్బతిన్న ప్రతులు అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి వచ్చాయి. వాళ్లలో అలా దెబ్బతిన్నది ఒక్కొక్కటే ఉంది కాబట్టి వాళ్లిద్దరికీ ఈ జబ్బు లేదు.”